మేస్త్రమ్మ డాట్ కామ్

"ఎంత గొప్పవాళ్ళైపోయారమ్మా! అద్దాల తలుపులు, చల్లగాలి, కూచుంటే లేవబుద్ధి కాని కుర్చీలు! కొట్టు మార్చినప్పుడు ఒక్క మాట చెప్పాలని తోచలేదూ?"

గుమ్మంలో నిలబడి దెప్పుతున్న మనిషి పొరుగూరి దర్జీ. పిల్లను ఎత్తుకున్నట్టు కుట్టుమిషను తలకాయను చంకన ఎత్తుకుని ఉన్నాడు. ఎండలో చాలా దూరం నడిచినట్టున్నాడు. మిషనుకంటే ముందు మనిషికే నూనె వెయ్యాల్సిన పరిస్థితి.

కోడలి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. కుట్టుమిషన్లు బాగుచేసే ఆ కొట్టు ఎక్కడికీ మారలేదు. మారాలంటే ముందు లోపలివి బయటికి రావాలి, అది జరిగే పని కాదు. అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి గట్టిగా ఊపిరి పీలిస్తే గోడలు బీటలు వారతాయని, అందుకే వంతులు వేసుకుని పీలుస్తారని వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్ళకేం, మూడోవాడు తుమ్మాలంటే బయటికి పోయి తుమ్మి రావడం మాత్రం నిజం.

"కూచో అన్నయ్యా. నువ్వు చెప్పేది ఏ కొట్టు?"

"మీదే! ఫోన్లో మీ పేరు కొట్టాను. దారి చూపించింది. పోయాను. లోపల ఇస్త్రీ చొక్కా అబ్బాయి దీన్ని చూసి, చచ్చిన ఎలకను చూసినట్టు మొహం పెట్టాడు. 'పాత ఇనుముకి వేసెయ్యండి, కొత్తది తీసుకోండి' అన్నాడు. 'మేస్త్రమ్మ ఏదయ్యా' అంటే 'ఏ మేస్త్రమ్మ' అన్నాడు. ఈ మాట వినడానికా నేను రెండు బస్సులు మారింది? ఇక పాత చోటే చూద్దామని ఇటొచ్చాను."

వెనకాల బల్ల దగ్గర మేస్త్రమ్మ తల ఎత్తలేదు. కోడలికి అత్తగారు, వీధికి మేస్త్రమ్మ. అసలు పేరు ఒకటుంది గానీ, దాన్ని బయటికి తీయాలంటే ఆవిడ మొగుడు కూడా బతికున్న రోజుల్లో ఓ నిమిషం ఆలోచించేవాడట. చెయ్యి మాత్రం చాపి, "ఇటివ్వు" అంది.

మిషను తలకాయను ఒళ్ళో పెట్టుకుని అడుగు పలక జరిపింది. చీపురుపుల్లంత సన్నటి పట్టకారుతో కింది దారం తిరిగే షటిల్ సందులోంచి నల్లబడిన దారం ముక్క లాగింది. దూదితో తుడిచి, రెండు చుక్కల నూనె వదిలి, బొటనవేలితో చక్రం తిప్పింది. చక్రం అత్తారింటికి బయల్దేరిన అల్లుడిలా హుషారుగా తిరిగింది.

"పాత ఇనుమంట!" అన్నాడు దర్జీ, చొక్కా చేత్తో మొహం తుడుచుకుంటూ.

కోడలు ఈలోపు తన ఫోన్లో పేరు కొట్టింది. మేస్త్రమ్మ డాట్ కామ్. తెర మీద మెరిసిపోయే కొత్త మిషన్లు వరసగా వచ్చి నిలబడ్డాయి. పక్కన ఎవరిదో నవ్వు మొహం. కింద షోరూము చిరునామా.

తమ పేజీలు ఒక్కటీ లేవు. సూది మాటిమాటికీ విరిగితే ఏం చూడాలి, కింది కుట్టు వదులైతే ఏ మర ఎంత తిప్పాలి, గుడ్డను ముందుకు లాగే పళ్ళు అరిగితే ఎలా తెలుస్తుంది అని అత్తగారు చెబుతుంటే తను టైపు చేసినవి. వంట అయ్యాక కొంత, కరెంటు పోయినప్పుడు కొంత. వాటిని చదివి, మొహం తెలియని ఊళ్ళవాళ్ళు ఫోన్లు చేసేవాళ్ళు. మిషన్లు పార్శిల్లో పంపేవాళ్ళు. ఈ మధ్య ఫోను మోగడం తగ్గితే, ఎండలు కదా అని సరిపెట్టుకుంది.

"ఏమైందే?" అంది మేస్త్రమ్మ.

"ఏం లేదత్తయ్యా. టై బాబు దగ్గరికి ఓసారి వెళ్ళొస్తాను."

*

టై బాబు వెబ్‌సైట్లు చేసి పెడతాడు. మందుల కొట్టు పైన, నిచ్చెనకి అన్నలాంటి మెట్లెక్కితే ఆయన ఆఫీసు. ఎంత ఎండైనా టై తీయడు. తీస్తే తలకాయ గాలికి పోతుందేమోనని భయపడ్డట్టు బిగించుకుంటాడు.

"రండి మేడమ్, కూచోండి. టీ తాగుతారా?"

"టీ వద్దు బాబూ. మా పేరు కొడితే ఎవరిదో కొట్టు వస్తోంది."

"ఎవరిదో ఏమిటండీ, మా బావమరిదిది. కొత్తగా పెట్టాడు. మీ పేరుకి జనం బాగా వస్తున్నారు, వాడికి కాస్త ఊపు వస్తుందని అటు తిప్పాను."

పెరట్లో నీళ్ళ గొట్టం తిప్పినంత తేలిగ్గా అన్నాడు.

"మమ్మల్ని అడక్కుండానా?"

"అడగాల్సిన పని లేదు మేడమ్." ఆయన కుర్చీ ఇటు తిప్పి, చిన్నపిల్లకి చెప్పినట్టు మొదలుపెట్టాడు. "డొమైను నా పేరు మీద రిజిష్టరైంది. ఏటేటా నేనే రెన్యువల్ చేస్తున్నాను. హోస్టింగు నా ఖాతాలోది. అంటే, ఇన్నాళ్ళూ మీరు మా ఇంట్లో ఉన్నారన్నమాట."

"పేరు మాది కదా?"

"పేరు మీదే. డొమైను నాది."

"మా పేజీలు?"

"తీసేశానండీ. జాగా కావాల్సొచ్చింది."

కోడలికి ముందు కోపం రాలేదు. నిండుకుండ కింద పడి పగిలాక, చేతులు ఇంకా కుండ పట్టుకున్నట్టే ఉండిపోతాయే, అలా ఉంది.

"ఎవరి పేరు మీద పెట్టమంటారని నేను మొదట్లోనే అడిగాను మేడమ్," అన్నాడు టై బాబు, గొంతు కాస్త తగ్గించి. "మీ అత్తగారినే అడిగాను. మీరు పక్కనే ఉన్నారు. 'పని నువ్వు చేశావు, నీ పేరే వేసుకో' అన్నారావిడ. అన్నారా లేదా?"

అంది. కోడలికి బాగా గుర్తుంది. ఆ రోజు తను బెల్టు బిగిస్తూ నవ్వింది కూడా.

మిషన్ల రిపేరులో అదొక పద్ధతి. బాగుచేసిన ప్రతి మిషను మెడకీ ఒక అట్టముక్క కట్టి, దాని మీద బాగుచేసిన మనిషి పేరు రాస్తారు. మిషను తమదని కాదు. రేపు మొరాయిస్తే ఎవరి గుమ్మం ముందుకొచ్చి కేకలు వెయ్యాలో తెలియడానికి. మేస్త్రమ్మ లెక్కలో పేరు వేసుకోవడమంటే తిట్లు తినడానికి ఒప్పుకోవడం. ఇంకొకడు అదే పేరుతో ఇల్లే రాయించుకుంటాడని ఆవిడకి ఎలా తోస్తుంది? ఆవిడ బతుకంతా నూలుపోగంత తేడా కనిపెట్టింది గానీ, ఇంత పెద్ద తేడా కనిపెట్టలేదు.

"అన్నారు," అంది కోడలు, లేచి నిలబడి. "సొమ్మొకడిది సోకొకడిది అని కూడా అంటూ ఉంటారు. అదీ గుర్తుపెట్టుకోండి."

మెట్లు దిగి కొట్టుకి నడిచింది.

*

అత్తగారికి చెప్పక తప్పలేదు. సగం దాచి చెప్పబోయింది గానీ, మేస్త్రమ్మ దగ్గర సగం విప్పి ఆపడం కుదరదు.

"నేనే అన్నాను," అంది ఆవిడ అంతా విని. చేతిలో ఉన్న బాబిన్ కేసును తుడిచిందే తుడిచింది. వెండి గిన్నెలా మెరిసేదాకా తుడిచి కింద పెట్టింది. మళ్ళీ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది.

"పోనీండి అత్తయ్యా. మీకేం తెలుసు?"

"తెలియకపోతే అడగాలి కదే. నోరుందిగా నాకు, వీధికి సరిపడా!"

ఆ మాటకి నవ్వాలో ఏడవాలో కోడలికి తెలియలేదు. ఆ సాయంత్రమంతా కొట్టులో మాటల్లేవు. మేస్త్రమ్మ మౌనంగా ఉంటే మిషన్లు కూడా భయపడి సరిగా పనిచేస్తాయంటారు. ఆ పూట నాలుగు పూర్తయ్యాయి.

పొద్దు వాలుతుండగా ఆడపడుచు వచ్చింది. కాలేజీలో కంప్యూటర్ల గది చూసుకుంటుంది. రోజూ ఇంటికి పోతూ తల్లిని ఓసారి పలకరించి, వదినను ఓసారి గిల్లి పోవడం అలవాటు.

"ఏంటి వదినా, మా అమ్మ నోరు మూయించావా? నీ కాళ్ళకి మొక్కాలి."

"నీ వేళాకోళం తర్వాత, మరదలా. ముందిది చూడు."

ఆడపడుచు ఫోను చూసింది. సంగతంతా వింది. బ్యాగు గోడకి తగిలించి, తిరగేసిన నూనె డబ్బా మీద కూచుంది.

"ఫిర్యాదు చెయ్యొచ్చు. చేద్దాం కూడా. కానీ అది తేలేసరికి నాకు మనవలు పుడతారు. ఈలోపు మనది మనం పెట్టుకోవాలి. నేను చెయ్యను, చెబుతాను. నువ్వే చెయ్యాలి వదినా."

"నాకేం వచ్చు?"

"మిషను విప్పడం పుట్టుకతోనే వచ్చిందా నీకు? మొదటిసారి విప్పినప్పుడు మూడు మరలు మిగిలిపోతే, అమ్మ చూడకుండా జడలో దాచుకున్నావు."

"నాకు అప్పుడే తెలుసు," అంది మేస్త్రమ్మ వెనకనుంచి. ఆ పూట ఆవిడ ఆడిన మొదటి మాట అది.

ఆడపడుచు చెప్పడం మొదలుపెట్టింది. సైటంటే ఒకటి కాదు, రెండు. డొమైను అనేది పేరు. దాన్ని ఏడాదికింత అని కట్టి తీసుకోవాలి. కట్టడం మానేస్తే పోతుంది. హోస్టింగు అంటే జాగా. మన బొమ్మలూ రాతలూ ఉండే కంప్యూటరు ఎక్కడో ఉంటుంది, అందులో అద్దెకి కాస్త చోటు. పేరు ఒకచోట కొనొచ్చు, జాగా ఇంకోచోట తీసుకోవచ్చు. ఈ పేరు కొడితే ఆ జాగాకి పోవాలి అని చెప్పే ఏర్పాటు ఒకటుంటుంది, దాన్ని డీఎన్ఎస్ అంటారు. టై బాబు తిప్పింది దాన్నే.

కోడలు తలూపుతోంది గానీ, ఆ తలూపుడు పెళ్ళిచూపుల్లో తలూపినట్టుంది. అప్పుడు మేస్త్రమ్మ తన స్టూలు ముందుకి లాక్కుంది.

"పైదారం, బాబిన్ దారం," అంది.

ఇద్దరూ ఆవిడ వైపు తిరిగారు.

"పేరంటే పైదారం. అందరికీ కనబడేది అదే. జాగా అంటే బాబిన్. కిందెక్కడో ఉంటుంది, ఎవరూ చూడరు, అది లేకపోతే కుట్టే పడదు. ఇందాక చెప్పావే, మూడోది, అది సూది. పైదాన్ని తీసుకెళ్ళి కిందదానితో ముడి వేస్తుంది." ఆవిడ ఆగింది. "మనం మూడూ తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టాం."

ఆడపడుచు రెండు చేతులూ జోడించింది. "అమ్మా, మా కాలేజీకి రా. నా జీతం నువ్వే తీసుకో."

"నీ జీతానికి నాకు నూనె డబ్బా కూడా రాదు గానీ, కానీండి. ఎక్కణ్ణుంచి మొదలు?"

*

మర్నాడు కొట్టులో ఒక మూల ఖాళీ చేశారు. ఖాళీ అంటే, రెండు మిషన్లను ఇంకో రెండింటి ఒళ్ళో కూచోబెట్టారు. ఆడపడుచు తన పాత ల్యాప్‌టాప్ తెచ్చిచ్చి, కాలేజీకి పోతూ పోతూ ఒకటే చెప్పింది. "ముందు కొట్టుకొక ఈమెయిలు. పేరుకి తాళంచెవి అదే. అది ఎవరి చేతిలో ఉంటే పేరు వాళ్ళ చేతిలో ఉన్నట్టు."

ఈమెయిలు అయింది. పాస్‌వర్డు దగ్గర అత్తాకోడళ్ళకి చిన్న యుద్ధం జరిగింది. మేస్త్రమ్మ తన పెళ్ళిరోజు పెట్టమంది. "వీధిలో అందరికీ తెలుసత్తయ్యా, ఆ రోజు మీరు పందిట్లో దర్జీని తిట్టారని ఇప్పటికీ చెప్పుకుంటారు" అంది కోడలు. చివరికి మిషను లోపలి భాగాల పేర్లు ఐదు, ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు కలిపి, మధ్యలో అంకెలు దోపి పెట్టారు. ఆ మాట ఊహించాలంటే దొంగ ముందు పదేళ్ళు రిపేరు నేర్చుకోవాలి.

తర్వాత పేరు. పాతది వాడి దగ్గర ఉంది కాబట్టి 'మేస్త్రమ్మ కొట్టు' అని కలిపి కొట్టింది. దొరుకుతుందని పచ్చటి గీత వచ్చింది. యజమాని ఎవరని గడి.

"నీ పేరు వెయ్యి. చేసేది నువ్వు కదా," అంది మేస్త్రమ్మ.

కోడలు వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "అత్తయ్యా! ఇది మెడకి కట్టే అట్టముక్క కాదు. పట్టా."

మేస్త్రమ్మ నాలిక్కరుచుకుంది. కరుచుకున్నాక నవ్వింది. మబ్బు పట్టిన రోజుల్లో ఎండలా, ఆవిడ నవ్వు కొట్టు మొత్తం వెలిగించి పోయింది. కోడలు అత్తగారి అసలు పేరు, ఒక్కో అక్షరం, ఎవరూ పిలవని ఆ పేరు టైపు చేసింది. తెర మీద దాన్ని చూసి మేస్త్రమ్మ, "ఇంకా ఉందా ఇది!" అంది.

జాగా ఇంకో కంపెనీలో తీసుకుంది. అన్నిటికంటే చిన్నది చాలని ఆడపడుచు ముందే చెప్పింది, సినిమా హాలు అద్దెకు తీసుకుని అందులో ఒక్క కుర్చీ వేసుకోవడం ఎందుకని. జాగా వాళ్ళు ఇచ్చిన రెండు చిరునామాలు తీసుకెళ్ళి పేరు దగ్గర అతికించింది. సూదికి దారం ఎక్కించేటప్పుడు చేసినట్టే ఒక కన్ను మూసి నొక్కింది. పేరు కొట్టి చూసింది. ఏమీ రాలేదు. మళ్ళీ కొట్టింది. ఏమీ లేదు.

"పోయింది. ఏదో పాడుచేశాను."

"నూనె వేసిన వెంటనే తిప్పితే ఏమవుతుంది?" అంది మేస్త్రమ్మ, తల ఎత్తకుండా. "ఇంకనివ్వు."

ఆడపడుచు ఫోనులో అదే చెప్పింది, ఇంకో మాటలో. పేరు ఇల్లు మారిందని లోకంలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ తెలియాలి, కొన్ని గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజు.

ఆ ఖాళీలో పేజీలు మొదలుపెట్టింది. టై బాబు తీసేసినవి రాతలు. ఫోటోలు మాత్రం ఆమె ఫోన్లోనే ఉన్నాయి. ఏ మిషను విప్పినా ఒక్కో మర తీసినప్పుడల్లా ఒక ఫోటో తీయడం ఆ కొట్టు అలవాటు. బిగించేటప్పుడు చివరి ఫోటో నుంచి వెనక్కి నడుచుకుంటూ పోతే చాలు. కొట్టులో వస్తువులకి లెక్క లేదు గానీ, ఏ మర ఎప్పుడు ఊడిందో మాత్రం ఎప్పుడడిగినా దొరుకుతుంది.

అలవాటు చొప్పున చివరి నుంచే ఎక్కించింది. సాయంత్రం తెర మీద తొలి పేజీ తెరుచుకునేసరికి, ఎముకల గూడులా ఉన్న మిషను ఒక్కొక్కటే ఒళ్ళు కప్పుకుంటూ, అంచెలంచెలుగా పెళ్ళికూతురైపోయింది. విప్పడం చూపించాల్సిన పేజీ బిగించడం చూపిస్తోంది.

"తప్పయిపోయింది. వరస తిరగబడింది."

మేస్త్రమ్మ దగ్గరికొచ్చి కళ్ళజోడు పైకి జరిపి చూసింది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి చూసింది. "ఉండనీ. విప్పేదానికి ధైర్యం చాలు. బిగించేటప్పుడే కదా జనం ఏడ్చేది. మొదట అదే ఉండనీ."

తర్వాతి రెండు రోజులూ అలాగే గడిచాయి. మేస్త్రమ్మ మిషను మీద వంగి, చేతులు పనిచేస్తుండగా నోటితో చెప్పేది. "రాసుకో. కుట్టు కింద ఉండలు కడుతోందంటే అందరూ కింద వెతుకుతారు. తప్పు పైన ఉంటుంది. దారం, దాన్ని బిగువుగా పట్టే బిళ్ళల మధ్యలోంచి జారిపోయి ఉంటుంది." కోడలు రాసేది. మధ్యలో ఎవరైనా మిషను తెస్తే లేచి, చేతులు నూనె చేసుకుని, కడుక్కుని, మళ్ళీ కూచునేది. ల్యాప్‌టాప్ మీటలు కొన్ని నూనె పట్టి, ఆడపడుచు చూసి కెవ్వుమనేంత నిగనిగలాడాయి.

అన్నీ అయ్యాయి. కొత్త పేరు కొడితే కొత్త జాగా తెరుచుకుంటోంది. ముస్తాబంతా చేసుకుని గుమ్మంలో కూచున్న సైటుని చూడడానికి ఒక్క మనిషి రాలేదు. రావాలంటే కొత్త పేరు ఎవరికైనా తెలియాలి కదా. ఫోను బల్ల మీద బొమ్మలా పడుంది. కోడలు దాన్ని ఎత్తి, చార్జింగు చూసి, మళ్ళీ పెట్టేది. లోకానికి తెలిసిన పేరు పాతదే. ఇన్నేళ్ళు అత్తగారి చేతుల మీద నడిచిన పేరు షోరూము గుమ్మం దగ్గర కాపలా కాస్తోంది.

*

శుక్రవారం మధ్యాహ్నం కొట్టు ముందు ఒక కారు ఆగింది. అలాంటి కారు ఆ వీధిలోకి రావాలంటే ఒక పక్క అద్దం మడుచుకుని, ఊపిరి బిగబట్టుకుని రావాలి. అందులోంచి దిగిన మనిషిని కోడలు గుర్తుపట్టింది. తెర మీద చూసిన నవ్వు మొహం. నవ్వు మాత్రం తెర మీదే ఉండిపోయినట్టుంది. వెనక సీట్లోంచి టై బాబు దిగాడు.

"మేస్త్రమ్మ గారంటే మీరేనా అమ్మా?" అన్నాడు షోరూము బావమరిది.

"ఊరక రారు మహానుభావులు. ఏంటి కథ?"

ఆయన మాట్లాడకుండా డిక్కీ తెరిచాడు. పాత మిషన్ల తలకాయలు బస్తాల్లో బంగాళదుంపల్లా కిక్కిరిసి ఉన్నాయి.

"ఇవి నావి కావమ్మా. మీవి. అంటే, మీ వాళ్ళవి. రోజూ వస్తున్నారు. 'మేస్త్రమ్మ ఏదీ' అంటారు. లేదంటే నమ్మరు. ఒకావిడైతే లోపల దాచారనుకుని కౌంటరు వెనక్కొచ్చి చూసింది. ఇంకొకాయన మిషను టేబులు మీద పెట్టి, 'ఆవిడ వచ్చాక ఇవ్వండి' అని పోయాడు. పేరు చెప్పలేదు, ఫోను ఇవ్వలేదు, 'ఆవిడకి తెలుసు' అన్నాడు! కొత్త మిషను కొనడానికొచ్చిన వాళ్ళు ఈ గుట్ట చూసి, ఇక్కడ కొన్నవి ఇలాగే అవుతాయి కాబోలని వెనక్కి పోతున్నారు. కొత్తవాటికంటే పాతవి ఎక్కువైపోయాయమ్మా నా షోరూములో! నిన్న ఒక ముసలావిడ, సూది ఎందుకు విరుగుతోందో చెప్పందే కదలనని నా ఏసీలో కూచుని భోజనం కూడా చేసింది." ఆయన గిర్రున టై బాబు వైపు తిరిగాడు. "ఊపొస్తుందన్నావు కదా బావా! వచ్చింది. కొట్టు పునాదులతో సహా ఊగుతోంది."

టై బాబు టై ముడి సర్దుకున్నాడు.

మేస్త్రమ్మ ఆ మాటలేవీ వింటున్నట్టు లేదు. కారు దగ్గరికి పోయి, డిక్కీలో చెయ్యి పెట్టి, ఒక్కో తలకాయనూ మెడ పట్టుకుని తిప్పి చూస్తోంది. "ఇది బళ్ళో కుట్టు నేర్పే టీచరమ్మది. ఇది ఆసుపత్రి దుప్పట్లు కుట్టే ఆయనది. అయ్యో, దీన్ని పడుకోబెట్టి తెచ్చారా? నూనెంతా మోటారులోకి దిగుంటుంది. కాస్త బుద్ధుండక్కర్లా?" అని షోరూము యజమానిని కసురుకుంది. ఆయన "తప్పయిందమ్మా" అన్నాడు, తన కారులో తను తెచ్చినందుకు.

మిషన్లన్నీ దింపించాక టై బాబు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, పాత పేరు మళ్ళీ మీ వైపే తిప్పేస్తాను. రూపాయి తీసుకోను. రెన్యువల్సూ అవీ మీకు ఇబ్బంది. ఎప్పటిలా నా దగ్గరే ఉంచుకుని నేనే చూసుకుంటాను."

కోడలు చేతులు గుడ్డతో తుడుచుకుంది. ఒక్కో వేలూ తుడుచుకుంది.

"వద్దు బాబూ. మీరు పేరు కొన్న కంపెనీలోనే మాకూ ఖాతా ఉంది. అందులోకి మార్చండి. ఇక్కడే, ఇప్పుడే. మీ ఫోన్లో అవుతుంది. నేను ఒప్పుకున్నట్టు నొక్కాలి, నొక్కుతాను."

"ఖాతా ఉందా?" అన్నాడు టై బాబు. "ఎవరు చేసిచ్చారు?"

"నేనే."

"హోస్టింగు?"

"ఇంకోచోట. పేరూ జాగా ఒకే చేతిలో పెట్టకూడదని ఒకసారి నేర్చుకున్నాం."

టై బాబు తన ఫోన్లో మార్పు నొక్కి, కోడలు చెప్పిన కొత్త పేరు కొట్టి సైటు తెరిచి చూశాడు. మిషను అంచెలంచెలుగా బిగించుకునే పేజీ దగ్గర ఆయన వేలు ఆగింది. వెనక్కి పోయింది. మళ్ళీ ముందుకొచ్చింది. "ఇలా తిరగేసి పెట్టాలని ఎవరు చెప్పారు మేడమ్?"

బల్ల దగ్గర ఆసుపత్రి మిషను విప్పుతున్న మేస్త్రమ్మ జవాబిచ్చింది. "మా కోడలే. చేతిపని తెలిసిన పిల్ల."

కోడలు ఆ కొట్టులోకి వచ్చి ఎన్నేళ్ళయిందో లెక్క పెట్టుకుంటే పెట్టుకోవచ్చు, అన్నేళ్ళలో ఇలాంటి మాట వినలేదు. అత్తగారు మెచ్చుకోవాలంటే మిషను తనంతట తాను బాగుపడి వచ్చి చెప్పాలని అనుకునేవాళ్ళు. ఆ మాట విని వీధి అవతల టీ కొట్టు ఆయన గ్లాసు కడగడం ఆపాడు. కోడలు మాత్రం ల్యాప్‌టాప్ ముందు కూచుంది. తెర సరిగా కనబడలేదు. కళ్ళు ఒకసారి ఆర్పుకుని, ఈమెయిలు తెరిచి, వచ్చిన లంకె చదివింది. ఆఖరి అక్షరం దాకా చదివింది. చదవకుండా నొక్కడం ఆ ఇంట్లో ఇక జరగదు. నొక్కింది.

టై బాబు ఫోను జేబులో పెట్టుకుని, "బాగా చేశారు మేడమ్" అన్నాడు. అన్నాక, ఏమనుకున్నాడో, టై కాస్త వదులు చేసుకుని మెట్టు దిగాడు.

ఆ సాయంత్రమే పాత పేరుని కొత్త జాగా వైపు తిప్పింది. ఈసారి మళ్ళీ మళ్ళీ కొట్టి చూడలేదు. ఇంకనిచ్చింది.

*

మర్నాడు పొద్దున షట్టరు ఇంకా సగమే లేచింది, ఫోను మోగింది. కోడలు వంగి లోపలికి దూరి, స్పీకరు నొక్కి బల్ల మీద పెట్టింది.

"మేస్త్రమ్మ గారేనా? నేనండీ, పడవల రేవు దగ్గర తెరచాపలు కుట్టేదాన్ని. మందపాటి గుడ్డ పెడితే మిషను మధ్యలో కుట్టు వదిలేస్తోంది. మీ పేజీ చూసి సూది మార్చాను, తగ్గలేదు."

"మిషను దగ్గర ఫోను పెట్టి తొక్కమ్మా," అంది మేస్త్రమ్మ, చీర కొంగు నడుముకి దోపుకుంటూ.

ఎక్కడో దూరాన, చూడని ఇంట్లో, చూడని మిషను పరుగు తీసింది. టకటకటక మని ఆ చప్పుడు కొట్టు నిండింది. మేస్త్రమ్మ కళ్ళు మూసుకుని, తల ఓ పక్కకి వాల్చింది. కోడలు మధ్యలో అడగకుండా ఉండలేకపోయింది.

"అక్కా, మమ్మల్ని ఏ పేరు కొట్టి పట్టుకున్నావు? కొత్తదా, పాతదా?"

"కొత్తదీ పాతదీ ఏమిటమ్మా? ఎప్పుడూ కొట్టేదే కొట్టాను. ఎప్పటిలాగే మీరొచ్చారు. ఏం, ఏమైనా అయిందా అక్కడ?"

కోడలు అత్తగారి వైపు చూసింది. మేస్త్రమ్మ ఒక కన్ను తెరిచి, కోడలి మొహం చూసి, మళ్ళీ మూసుకుంది. పెదాల చివర సన్నగా ఏదో కదిలింది.

"ఇక్కడేం కాలేదులే," అంది. "నువ్వు తొక్కుతూ ఉండు. ఇంకాస్త నెమ్మదిగా. ఆ, వినబడింది. గుడ్డను నొక్కి పట్టే పాదం మీద బరువు చాలటం లేదు. మా కోడలు చెబుతుంది, ఏ మర తిప్పాలో."

కోడలు ఫోను దగ్గరికి వంగింది.

"స్క్రూడ్రైవరు తీసుకో అక్కా," అంది. "పైన, నీ ఎడం చేతి వైపు..."